వానలో పిట్టలు ఎక్కడికి పోతాయి?

మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడగానే, పిట్టలు చూసే సరదా ఉన్నవాళ్ళు చాలామంది బైనాక్యులర్స్ బీరువాలో పెట్టేస్తారు. పులికాట్‌కి వెళ్తే ఫ్లెమింగోల సందడి ఉండదు, చెరువుగట్లు జారుతుంటాయి, కెమెరా తడిస్తే వేలకు వేలు ఖర్చు. మళ్ళీ నవంబరులో చూద్దాంలే అనుకుంటారు. ఇంట్లోనేమో ఆరని బట్టలు దండేల నిండా వేలాడుతుంటాయి. ఆటకు బయటికి పోలేని పిల్లలు ఫోనుకు అతుక్కుంటారు.

నిజానికి ఇంటి చుట్టూ ఉండే పిట్టలను తెలుసుకోవడానికి ఏడాది మొత్తంలో వానాకాలాన్ని మించిన కాలం లేదు. చలికాలంలో చెరువుల మీద కనిపించే బాతుల్లో, ఉల్లంకుల్లో చాలావరకు చుట్టపుచూపుగా వచ్చినవే. అవి ఇక్కడ గూడు కట్టవు, గుడ్లు పెట్టవు. తిని, బలం పుంజుకుని, ఎండలు ముదిరేలోపు ఉత్తర దేశాలకు వెళ్ళిపోతాయి. ఏడాది పొడుగునా మన వీధిలోనే ఉండే పిట్టల్లో చాలా రకాలు జత కట్టేది, గూడు అల్లేది, పిల్లల్ని సాకేది తొలకరికీ దసరాకీ మధ్య. ఆ సంసారం చూడటానికి అడవికి పోనక్కర్లేదు. కిటికీ ఒకటి, కాస్త ఓపిక ఉంటే సరిపోతుంది.

జడివానలో

వాన జోరందుకోగానే పిట్టలన్నీ మాయమవుతాయి. అవి దూరమేమీ పోవు. చింత, మామిడి, గానుగ లాంటి గుబురు చెట్ల లోపలి కొమ్మల మీద, మానుకు దగ్గరగా జరిగి కూర్చుంటాయి. పిచ్చుకలు, పావురాలు సన్‌షేడ్ల కింద, ఏసీ పెట్టెల వెనుక, దుకాణాల షట్టర్ డబ్బాల్లో తలదాచుకుంటాయి.

ఒళ్ళు తడవకుండా కాపాడేది ఈకల అల్లిక. ఈక మధ్యలో కాడ ఉంటుంది. కాడకు రెండు వైపులా పోగులు, ఆ పోగులకు మళ్ళీ కంటికి ఆనని నూగు. ఆ నూగుకు ఉండే చిన్న కొక్కేలు ఒకదాన్నొకటి పట్టుకుని ఈకను ఒకే రేకులా బిగించి ఉంచుతాయి. నీటిచుక్క దాని మీద నిలవక జారిపోతుంది. పైగా చాలా పిట్టలకు తోక మొదట్లో నూనె గ్రంథి ఉంటుంది. ముక్కుతో ఆ నూనె తీసి ఈకలకు రాసుకుంటే అవి పెళుసెక్కవు, తడిని కూడా తొందరగా పట్టవు. వాన వెలిశాక గోరింక కరెంటు తీగ మీద కూర్చుని అదేపనిగా ఈకలు దువ్వుకుంటుంది చూడండి. విడిపోయిన కొక్కేలను మళ్ళీ తగిలించుకోవడమే ఆ పని.

పావురానిది ఇంకో పద్ధతి. దాని ఒంటి మీది కొన్ని ఈకలు పొడిపొడిగా రాలుతూ, ఆ పిండి మిగతా ఈకలకు పూతలా అంటుకుంటుంది. పావురం కిటికీ అద్దానికి గుద్దుకున్నప్పుడు అద్దం మీద రెక్కల ముద్ర తెల్లగా పడేది ఆ పిండి వల్లే. నీటికాకి సంగతి ఈ రెండింటికీ భిన్నం. మునిగి చేపలు పట్టాలి కాబట్టి దాని పై ఈకలు తడిసేలా ఉంటాయి. తడిస్తేనే ఒంటికి బరువొచ్చి లోతుకు పోగలదు. అందుకే చెరువులో మోడు మీద రెక్కలు బార్లా చాపి ఆరబెట్టుకుంటూ కనిపిస్తుంది.

పిట్ట కూర్చునే తీరు కూడా వానను బట్టి మారుతుంది. తుంపర పడుతూ చలిగా ఉంటే ఈకలు ఉబ్బించి బంతిలా అవుతుంది. ఈకల మధ్య చిక్కుకున్న గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. కుండపోతగా పడుతుంటే ఈకలన్నీ ఒంటికి అదిమి, ముక్కు పైకెత్తి నిటారుగా కూర్చుంటుంది. చినుకు తగిలే చోటు తగ్గుతుంది, పడిన నీరు జారిపోతుంది. చిన్న పిట్టలకు ఈ ఏర్పాటు చాలదు. పది గ్రాములైనా తూగని తేనెపిట్టకు ఒంటి వేడి తొందరగా దిగిపోతుంది, దాన్ని నిలుపుకోవడానికి కడుపులో ఎప్పుడూ ఏదో ఒకటి పడుతుండాలి. అందుకే వాన పూర్తిగా వెలవకముందే, తుంపర్లోనే బయటికి వచ్చేవాటిలో తేనెపిట్ట, దర్జీపిట్ట లాంటివి ముందుంటాయి.

వానంటే అన్నిటికీ ఇబ్బందే అనుకోవద్దు. పిట్టగోడ మీద పావురం పక్కకు ఒరిగి ఒక రెక్క పైకెత్తి కూర్చుంటే దానికి దెబ్బ తగిలిందని కంగారు పడతాం. అది వాన స్నానం చేస్తోంది. రామచిలుకలైతే కొమ్మ పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ తడుస్తాయి.

వెలిశాక అరగంట

రోజు మొత్తంలో పావుగంటే తీరిక ఉందనుకుంటే దాన్ని వాన వెలిసిన వెంటనే వాడుకోవాలి. అన్నిటికీ ఆకలిగా ఉంటుంది, అన్నీ ఒక్కసారే బయటికి వస్తాయి. వాన హోరులో కూత ఎవరికీ వినపడదు కనుక అంతసేపూ నోరు కట్టుకున్న పిగిలిపిట్ట, నల్లంచి హోరు తగ్గగానే ఇది మా చోటు అని చాటుకోవడం మొదలుపెడతాయి.

ఇక తొలకరి వాన తర్వాత ఉసిళ్ళు లేచిన సాయంత్రం అయితే చెప్పనక్కర్లేదు. ఉసిళ్ళంటే రెక్కలొచ్చిన చెదపురుగులు. నేల మెత్తబడి, గాలిలో తేమ నిండినప్పుడు పుట్టల్లోంచి ఒక్కసారిగా వేలల్లో లేస్తాయి. జత కుదిరాక రెక్కలు రాల్చేసి, కొత్త పుట్ట పెట్టడానికి తడినేలలోకి దూరతాయి. అన్నీ ఒకేసారి లేవడంలోనే వాటి రక్షణ ఉంది. ఎన్ని పిట్టలు ఎంత తిన్నా కొన్నయినా మిగులుతాయి. ఆ సమయంలో డాబా ఎక్కితే ఎవరి పద్ధతి వారిదిగా వేట కనిపిస్తుంది. చీలిన తోక పసులపోలిగాడు తీగ మీది నుంచి లేచి ఒక్కొక్కటే పట్టి మళ్ళీ అదే చోటికి వస్తాడు. వానకోవెలలు నోరు తెరిచి గాలిలోనే ఏరుకుంటాయి. గోరింకలు, కాకులు నేల మీద పడ్డవాటి కోసం పరిగెడతాయి. గద్దలు సైతం కాళ్ళతో పట్టి, ఎగురుతూనే నోట్లో వేసుకుంటాయి. ఒకే తిండిని ఇన్ని రకాల ముక్కులు, కాళ్ళు, రెక్కలు ఎలా అందుకుంటాయో పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. వీధి దీపం చుట్టూ చేరిన ఉసిళ్ళ కోసం చీకటి పడ్డాక పైడికంట్లు కూడా రావచ్చు.

గూళ్ళు ఇప్పుడే ఎందుకు?

గింజలు తినే పిట్టలు కూడా పిల్లలకు మొదట్లో ఎక్కువగా పురుగులే పెడతాయి. పిచ్చుక అంతే, గిజిగాడూ అంతే. గుడ్డులోంచి బయటపడిన పిల్ల రెండు మూడు వారాల్లో ఎగిరేంత పెరగాలంటే మాంసకృత్తులు కావాలి, అవి పురుగుల్లో దండిగా ఉంటాయి. తొలకరికి ఆకు చిగురిస్తుంది, ఆ ఆకు మీద గొంగళిపురుగు పడుతుంది, గడ్డిలో మిడతలు పెరుగుతాయి. పిల్లల నోళ్ళు తెరుచుకునే రోజులు, పురుగులు ఎక్కువగా దొరికే రోజులు కలిసేలా పిట్టలు గూడు మొదలుపెడతాయి.

గిజిగాడి విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. గూడు అల్లడానికి పచ్చి నార కావాలి. ఎదిగిన గడ్డి, వరి, చెరకు, ఈత ఆకుల అంచు కొరికి పట్టుకుని ఎగిరితే జానెడు నుంచి మూరెడు దాకా నార చీలి వస్తుంది. ఎండాకాలపు ఆకు అలా చీలదు, వంచితే విరుగుతుంది. అల్లే పని మొత్తం తలమీద పసుపు టోపీ పెట్టుకున్నట్టుండే మగదానిదే. గూడు సగం అయి, గోపురంలా వేలాడుతున్నప్పుడు ఆడపిట్టలు వచ్చి లోపల దూరి, లాగి చూస్తాయి. నచ్చితే మగది మిగతా గది, కిందికి దిగే గొట్టం పూర్తి చేస్తుంది. నచ్చకపోతే అది అలాగే మొండిగా మిగిలిపోతుంది. ఊరి చివర ఈతచెట్టుకు వేలాడే సగం గూళ్ళు చాలావరకు అలాంటివే. ఆ గూళ్ళు ఎక్కువగా చెట్టుకు తూర్పు వైపున ఉంటాయి. నైరుతి గాలివానకు అది చాటు వైపు.

ఈ సంగతులు మనకు వివరంగా తెలిసిందీ వానాకాలం ఇంటిపట్టున ఉన్న ఒకాయన వల్లే. 1930లో పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ జర్మనీలో చదువు ముగించి బొంబాయి తిరిగొచ్చేసరికి మ్యూజియంలో ఆయన చేసిన ఉద్యోగం లేదు. ఖర్చు కలిసొస్తుందని సముద్రానికి అవతల కిహిం అనే ఊళ్ళో కుటుంబానికి ఉన్న ఇంటికి మారారు. ఆ ఇంటి దగ్గర చెట్టుకు గిజిగాళ్ళు గూళ్ళు కడుతున్నాయి. నిచ్చెన వేసుకుని, గుడ్డ చాటున కూర్చుని ఆ వానాకాలమంతా చూశారు. ఒక గూడు ఆడపిట్టకు అప్పగించి, అది గుడ్లు పొదుగుతుండగానే మగది పక్కన మరో గూడు మొదలుపెట్టి మరో ఆడపిట్టను పిలుస్తుందని తేల్చారు. ఆ వ్యాసం 1931లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చి ఆయనకు పేరు తెచ్చింది. ఆ వెంటనే ఆయన చేసిన పెద్ద పని మన దగ్గరే. 1931–32లో నిజాం రాజ్యంలోని పక్షులన్నిటినీ సర్వే చేశారు.

వీధిలో ఏమేం చూడొచ్చు?

జూన్‌లో మీ వీధిలో వేపచెట్టు ఉంటే అక్కడి నుంచి మొదలుపెట్టండి. వేపపళ్ళు మాగే రోజులవి. కోకిలలు, పిగిలిపిట్టలు, గోరింకలు, కాకులు అన్నీ అక్కడికే చేరతాయి. తర్వాత కరివేపాకు చెట్టుకు నల్లటి పళ్ళు వస్తాయి. వాటినీ కోకిల వదలదు. మగ కోకిల నలుపు, ఆడది గోధుమ రంగు మీద తెల్లచుక్కలు. కాకి గూట్లో గుడ్డు పెడుతుందని అందరూ చదువుకున్నదే. కళ్ళారా చూడాలంటే జూలై, ఆగస్టు సరైన సమయం. కాకి వెంట పడి, రెక్కలాడిస్తూ నోరు తెరిచి అడుగుతున్న పిల్ల ఒక్కోసారి కాకిపిల్ల అయి ఉండదు.

కోకిల చుట్టమే ఇంకొకటి ఉంది, చాతకం. నలుపు తెలుపు ఒళ్ళు, తల మీద నిక్కిన కుచ్చు. వానచుక్క తప్ప మరో నీరు ముట్టదని కావ్యాలు చెప్పిన పిట్ట ఇదే. నిజంలో దానికి ఇష్టమైన తిండి బొచ్చు గొంగళిపురుగులు. అవి పెరిగేది వానలకే. ఉత్తర, మధ్య భారతానికి వచ్చే చాతకాలు నైరుతి గాలుల వెంట ఆఫ్రికా నుంచి వస్తాయి. దక్షిణాదిలో, శ్రీలంకలో ఏడాదంతా ఉండేవీ ఉన్నాయి. వానమబ్బుకు కాస్త ముందో వెనకో కనిపిస్తుంది కనుక కథ పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

చెరువో మురుక్కాలువో దగ్గరుంటే గుడ్డికొంగను చూడండి. మిగతా రోజుల్లో మట్టిరంగు చారలతో గట్టులో కలిసిపోయి కనిపించదు. వానాకాలానికి వీపు ముదురు ఎరుపు రంగు తిరుగుతుంది, తల వెనుక సన్నటి తెల్లని ఈకలు వేలాడతాయి. పశువుల వెంట, దుక్కి దున్నే ట్రాక్టర్ వెంట నడిచే తెల్లకొంగకు తల, మెడ, వీపు నారింజ రంగుకు వస్తాయి. కొత్తరకం కొంగ వచ్చిందని పొరబడేది వీటిని చూసే.

బాల్కనీలో పెద్ద ఆకుల మొక్క ఉంటే దర్జీపిట్ట రావచ్చు. బొటనవేలంత ఒళ్ళు, పైకి నిక్కిన తోక, ఒంటికి మించిన గొంతు. ఆకు అంచుల్లో ముక్కుతో బెజ్జాలు పొడిచి, దూది పోగులతో, సాలీడు దారంతో కుట్టి సంచిలా చేసి, లోపల మెత్తగా గూడు పెడుతుంది. మొక్కకు నీళ్ళు పోస్తూ కూడా గమనించనంత చాటుగా ఉంటుందది.

కంటికి కనబడకపోయినా చెవికి తెలిసేవి మరికొన్ని. పొదల్లోంచి గంభీరంగా "హూప్ హూప్" అని వరసగా వినిపించేది చెముడుకాకి. నీరెండ రాగానే గోడ మీద రెక్కలు విప్పి కాచుకుంటుంది. రాత్రిపూట ఖాళీ స్థలం వైపు నుంచి తీతువు అరిస్తే అపశకునమని పెద్దలు కలత పడతారు. తీతువు నేల మీదే గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. కుక్కో పిల్లో మనిషో అటు వెళ్తే ఆ జంట గోల చేయక ఏం చేస్తుంది?

ఈ నెలల లెక్క ఊరిని బట్టి కాస్త జరుగుతుంది. నెల్లూరు, తిరుపతి వైపు ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలులతో పడుతుంది. అందుకే అక్కడి నేలపట్టు పక్షుల అభయారణ్యంలో నీటికడప చెట్ల మీద గూడబాతుల సంతానోత్పత్తి ఆ వానలతో చెరువు నిండాక సాగుతుంది.

కిటికీ దగ్గర కావలసినవి

ముందుగా బట్టల దండెం ఒక కిటికీ వదిలి కట్టండి. ఆ కిటికీకి ఎదురుగా చెట్టో తీగో కనబడితే చాలు. లోపల లైటు ఆర్పితే మనం పిట్టలకు అంతగా కనిపించం.

బైనాక్యులర్స్ లేకపోయినా పని నడుస్తుంది. కొనదలిస్తే దాని మీద రాసి ఉండే 8×42 లాంటి అంకెలకు అర్థం తెలుసుకోండి. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, 42 అంటే ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లని. రెండో అంకెను మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం వెడల్పు వస్తుంది. 8×42కు అది 5 మి.మీ. పైన, 10×25కు 2.5. మబ్బు పట్టిన రోజున మొదటిదాంట్లో బొమ్మ వెలుగ్గా ఉంటుంది. వానాకాలం తేమకు అద్దాల మీద బూజు పడుతుంది కాబట్టి, వాడాక తుడిచి, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. ఆ పొట్లాలు పిల్లలకు అందనివ్వకండి.

కూత వినిపించి పిట్ట కనబడకపోతే మెర్లిన్ అనే ఉచిత యాప్ ఉంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షి పరిశోధన కేంద్రం దాన్ని నడుపుతోంది. కూత విని పేరు సూచిస్తుంది. వాన చప్పుడులో తడబడుతుంది కనుక అది చెప్పింది ఊహగానే తీసుకుని, కంటితో చూశాకే రాసుకోండి.

రాసుకోవడానికి మామూలు నోటుబుక్ చాలు. దానికి తోడుగా ఇంట్లోనే వర్షమాపకం పెట్టుకుంటే పిల్లలకు హుషారు. అడుగు, మూతి ఒకే వెడల్పున్న డబ్బాను చెట్టు, గోడ చాటు లేని చోట నిలబెట్టి, రోజూ ఉదయం 8:30కి స్కేలుతో నీటి ఎత్తు కొలవాలి. వాతావరణ శాఖ లెక్క కూడా ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 వరకే. ఆ 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే దాన్ని భారీ వర్షమంటారు, 204.4 దాటితే అత్యంత భారీ. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. వంద చదరపు మీటర్ల డాబా మీద 65 మి.మీ. పడితే 6,500 లీటర్లు, అంటే పెద్ద ట్యాంకరు నీళ్ళు గొట్టంలోంచి వీధిలోకి పోయినట్టు.

పిట్టలకు మేలు చేయబోయి

పిట్టలకు నీళ్ళు పెట్టే గిన్నె వేసవిలో పుణ్యం, వానాకాలంలో దోమల తొట్టి. డెంగ్యూ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా పట్టేది వారం పది రోజులే. రెండు రోజులకోసారి నీళ్ళు పారబోసి గిన్నె తోమాలి, కుదరకపోతే బోర్లించాలి. తడిసిన గింజలకు బూజు పడుతుంది, అది తిన్న పిట్టలకు జబ్బు చేస్తుంది. పురుగులు పుష్కలంగా దొరికే ఈ రోజుల్లో గింజలు వేయకపోయినా వాటికి లోటు లేదు. ఆ శ్రద్ధ మొక్కల మీద పెట్టండి. మందార, నూరువరహాలు, కరివేపాకు నాటడానికి ఇదే అదను.

కొమ్మలు నరికించే పని వీలైతే చలికాలానికి వాయిదా వేయండి. గూడు కనబడితే దగ్గరికి వెళ్ళి ఆకులు తప్పించి ఫోటోలు తీయొద్దు. మనం తెరిచిన దారే కాకికి, పిల్లికి ఆనవాలవుతుంది. కింద పడిన పిల్లకు ఇంకా ఈకలు రాకపోతే గూటిలో పెట్టేయండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టదనేది అపోహ. ఈకలొచ్చి గెంతుతున్న పిల్ల ఎగరడం నేర్చుకుంటున్నది. కుక్కలూ పిల్లులూ రాకుండా చూసి, దగ్గర్లో కొమ్మ మీద పెడితే తల్లిదండ్రులే వచ్చి మేపుతాయి. ముచ్చటపడి పంజరంలో పెట్టుకోవడం మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి రామచిలుకకు, తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్టకు కూడా ఆ రక్షణ ఉంది.

పేర్లు తెలియవని వెనకాడకండి. పేర్లు వారం రోజుల్లో వస్తాయి. మొదట్లో పిట్ట ముక్కులో ఏం పట్టుకుపోతోందో, ఎటు పోతోందో చూడండి. పుల్లో దూదో పట్టుకుపోతే గూడు కడుతోంది. తినకుండా పురుగును మోసుకుపోతే గూట్లో పిల్లలున్నాయి. ఈ రెండు ఆనవాళ్ళు, పక్కనే తేదీ, ఆ రోజు వాన ఎన్ని మిల్లీమీటర్లో రాస్తూ పోండి. నాలుగేళ్ళు తిరిగేసరికి మీ వీధిలో వాన ఎప్పుడొచ్చింది, దాన్నిబట్టి ఏ పిట్ట ఎప్పుడు గూడు పెట్టింది అన్న లెక్క ఆ నోటుబుక్‌లో తప్ప ఇంకెక్కడా ఉండదు.